ఏ గింజ? ఏ చెట్టు? ఏ మడ్డి?

స్కాట్లాండులో ఇంట్లో ఏల్ రకం బీరు కాచుకునే మనిషి గుప్పెడు గింజల కోసం గంట ఆలోచిస్తాడు. చెరకు, జొన్న, ఈతచెట్టు అన్నీ ఉన్న ఇందూరు (నిజామాబాద్)లో మాత్రం సీసాలో ఏముందో తాగేవాడికి తెలియదు.

"కేఎఫ్ ఉన్నదా అన్నా?"

"లేదు తమ్మి. కంపెనోళ్లే మాల్ బంద్ వెట్టిండ్రు."

"మరేమున్నది?"

జాలీ వెనక మనిషి ఎన్నడూ వినని పేరున్న సీసా ఒకటి ముందుకు తోశాడు. కుర్రాడు దాన్ని ట్యూబులైటు వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పాడు. "ఇండ్ల ఏం కలుపుతరో ఏమో!"

"రోజు తాగేదాంట్ల ఏం కలుపుతరో నీకు ఎర్కేనా?"

వెనక నిలబడ్డవాళ్లు గొల్లుమన్నారు. కుర్రాడు కూడా నవ్వి, సీసా చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

2025 జనవరిలో నిజామాబాద్ నుంచి బోధన్ దాకా ఏ వైన్స్ ముందు నిలబడ్డా ఇలాంటి ముచ్చటే. ఆ నెల 8న కేఎఫ్, అంటే కింగ్‌ఫిషర్ బీరు చేసే యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు బీరు సరఫరా ఆపేస్తున్నట్టు ప్రకటించింది. సర్కారు బకాయిలు కట్టలేదని, 2019-20 తర్వాత తమకిచ్చే ధర పెంచలేదని ఆ కంపెనీ ఫిర్యాదు. కొద్దిరోజులకే సరఫరా మొదలైంది. ఫిబ్రవరిలో బీరు ధర 15 శాతం పెరిగింది. అంతటితో గొడవ ముగిసినట్టే అనుకున్నారు. ధర గురించి అంత రభస జరిగింది గానీ, జాలీ వెనక మనిషి అడిగిన ప్రశ్న మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

నాలుగే నాలుగు వస్తువులు

బీరుకు కావలసినవి నీళ్లు, మాల్ట్, హాప్స్, ఈస్టు. మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన గింజ. మన ఇళ్లలో రాగుల్ని నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకొచ్చాక ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పట్టిస్తారు కదా, బార్లీకి చేసేదీ ఆ పనే. మొలక వచ్చేటప్పుడు గింజలో పుట్టే ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. ఆ చక్కెరను ఈస్టు తిని ఆల్కహాలును, బుడగల్ని ఇస్తుంది. హాప్స్ అనేది ఒక తీగకు కాసే ఆకుపచ్చ పూగుత్తి. తీపిని విరిచే చేదు దానిది, చెడిపోకుండా కాపాడే గుణమూ దానిదే.

మన దగ్గర అమ్ముడయ్యే బీరు దాదాపు అంతా లాగర్ రకం. తెలంగాణ బ్రూవరీల్లో ఎక్కువ భాగం సంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి. బార్లీ మాత్రం ఇక్కడ పండదు, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, హర్యానా వైపు పొలాలది. హాప్స్ మన దేశంలో పండేది హిమాచల్‌లోని లాహౌల్ లోయ లాంటి చల్లటి చోట్ల, అదీ కొద్దిగా. మిగిలిందంతా దిగుమతే. మాల్ట్ ఖర్చు తగ్గించుకోవడానికి, రుచి పలచగా ఉండటానికి మన లాగర్లలో బియ్యం, మొక్కజొన్న, చక్కెర కలపడం మామూలే. వరి, మొక్కజొన్న, చెరకు మూడూ పండించే జిల్లాకు ఆ సంగతి కాస్త ఊరటనివ్వాలి. కానీ సీసా చేతిలో పట్టుకున్న రైతుకు ఆ చుట్టరికం చెప్పేవాళ్లేరీ?

ఎడిన్‌బరో వంటగదిలో

ఇంట్లో బీరు కాచుకోవడం నేరం కాని దేశాల్లో సంగతి వేరు. అక్కడ గింజలమ్మే దుకాణాలున్నాయి. బస్తాల మీద బార్లీ రకం పేరు, ఎంతసేపు వేయించారో, రంగు ఎంత దిగుతుందో రాసి ఉంటుంది. స్కాటిష్ ఏల్ చేయాలనుకున్నవాడి మొదటి ప్రశ్న, ఏ బార్లీ? చేయి తిరిగినవాళ్లు ఎక్కువగా గోల్డెన్ ప్రామిస్ వైపు మొగ్గుతారు. 1960ల్లో గామా కిరణాలు తాకించి పుట్టించిన పొట్టి కాండం రకం అది. స్కాట్లాండు గాలులకు పడిపోకుండా నిలబడింది, విస్కీ వాళ్లకూ బీరు వాళ్లకూ ముద్దుబిడ్డ అయింది. దొరక్కపోతే ఇంగ్లండు వాళ్ల మారిస్ ఆటర్.

20 లీటర్ల ఏల్‌కు దాదాపు 4 కిలోల ఈ లేత మాల్ట్ పోతుంది. రంగు కోసం నల్లగా మాడ్చిన బార్లీ 50, 60 గ్రాములు చాలు, చారులో ఇంగువంత. ఎక్కువైతే కాఫీ వాసన కమ్మేస్తుంది. అసలు కిటుకు గింజల్లో కన్నా వేడిలో ఉంది. నలగ్గొట్టిన మాల్ట్‌ను 64, 65 డిగ్రీల నీళ్లలో నానబెడితే చక్కెరంతా ఈస్టుకు ఆహారమై బీరు పలచగా దిగుతుంది. స్కాటిష్ ఏల్ చేసేవాడు 68, 69 డిగ్రీల దగ్గర నిలబెడతాడు. అప్పుడు ఈస్టుకు అరగని చక్కెరలు కొన్ని మిగిలి, నోట్లో చిక్కగా, తియ్యగా తగులుతుంది.

ఇక హాప్స్. ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ గానీ ఫగల్ గానీ 30 గ్రాములు గంటసేపు మరిగిస్తే సరి. చేదు వెనకాల ఎక్కడో ఉండాలి, ముందుకు రాకూడదు. ఆ తర్వాత 15, 16 డిగ్రీల చల్లదనంలో వారం పది రోజులు నింపాదిగా పులియబెట్టాలి. మే నెలలో 45 డిగ్రీలు తాకే నిజామాబాద్‌లో ఇది ఫ్రిజ్‌కే సాధ్యం.

హాప్స్ తక్కువ ఎందుకంటే అందరూ చెప్పే కథ ఒకటుంది. స్కాట్లాండు చలికి హాప్స్ తీగ పెరగదు, ఇంగ్లండు నుంచి కొనాలి, స్కాట్లు పొదుపరులు, అందుకే తక్కువ వేశారు అని. వినడానికి బాగుంది. పాత బ్రూవరీల లెక్కల పుస్తకాలు తిరగేసినవాళ్లు మాత్రం ఇది పెద్దగా నిలవదంటారు. 19వ శతాబ్దంలో ఎడిన్‌బరో బ్రూవరీలు హాప్స్ దండిగా వేసి చేసిన చేదు పేల్ ఏల్‌ను పీపాలకెత్తి మన దేశానికే పంపాయి మరి! పీట్ పొగ పట్టిన మాల్ట్ వేస్తేనే స్కాటిష్ ఏల్ అనే మాట కూడా అంతే. ఆ పొగ విస్కీది, ఏల్‌కు అంటగట్టింది ఈ కాలపు ఇంటి బ్రూవర్లు.

నన్ను ఆకట్టుకున్నది ఆ కథల నిజానిజాలు కాదు. ఇంటి కోసం నాలుగు సీసాలు చేసుకునే మనిషి ఒక్కో గింజ గురించి అంత వాదిస్తాడు, తూస్తాడు, పుస్తకంలో రాసుకుంటాడు. తాను తాగేది ఏమిటో అతనికి పూర్తిగా తెలుసు.

> షిల్లింగు లెక్క
> స్కాటిష్ ఏల్ పేర్లలో 60, 70, 80 షిల్లింగులని కనిపిస్తుంది. 19వ శతాబ్దంలో పీపా ధరను బట్టి వచ్చిన పిలుపు ఇది. ధర పెరిగేకొద్దీ ఘాటు పెరుగుతుంది. 60 షిల్లింగుల 'లైట్' ఏల్‌లో ఆల్కహాలు 3 శాతం దగ్గర ఉంటే, 80 షిల్లింగుల 'ఎక్స్‌పోర్ట్' 4 నుంచి 6 శాతం మధ్య ఉంటుంది. షిల్లింగు నాణెం చెలామణీలోంచి పోయినా పబ్బుల్లో పిలుపు పోలేదు.

ఎర్రజొన్నకు ఆ యోగం లేదా?

బార్లీ లేకపోతే బీరు లేదా? ఈ ప్రశ్నకు జవాబు నైజీరియా దగ్గరుంది. 1988లో ఆ దేశం బార్లీ మాల్ట్ దిగుమతిని నిషేధించింది. గిన్నిస్ లాంటి పెద్ద కంపెనీలు కూడా గతిలేక స్థానిక జొన్న, మొక్కజొన్నలకు మళ్లాయి. జొన్నతో కుస్తీ పట్టక తప్పలేదు. జొన్న పిండి ఉడకాలంటే బార్లీ కంటే ఎక్కువ వేడి కావాలి, ఆ వేడికి ఎంజైములు చచ్చిపోతాయి. పిండిని చక్కెర చేసే శక్తి కూడా జొన్న మొలకలో తక్కువ. బయటి ఎంజైములు కలిపి దారికి తెచ్చారు. దక్షిణాఫ్రికా పల్లెల్లో మాత్రం మొలకెత్తిన జొన్నతో ఉమ్‌కొంబోతి అనే పుల్లటి చిక్కటి బీరు తరతరాలుగా ఇళ్లలోనే కాస్తున్నారు.

ఈ మాట ఆర్మూర్, అంకాపూర్ వైపు చెప్పుకోవాలి. అక్కడ ఎర్రజొన్న పండుతుంది, అదీ తిండికి కాదు. పశుగ్రాసం విత్తనంగా వ్యాపారులు కొని ఉత్తరాదికి పంపుతారు. ధర వాళ్ల దయ. గిట్టుబాటు కోసం రైతులు ఎన్నిసార్లు రోడ్డెక్కారో ఆ తోవన పోయేవాళ్లందరికీ తెలుసు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు మూకుమ్మడిగా నామినేషన్లు వేస్తే నిజామాబాద్ బరిలో 185 మంది నిలబడ్డారు. అంత పంతం పట్టించిన గింజకు విత్తన వ్యాపారి తప్ప ఇంకో కొనుగోలుదారు లేడు. బీరు కంపెనీ వస్తే బాగుపడతారని చెప్పడానికి నేను సిద్ధంగా లేను. రకరకాల మాల్ట్‌ల గురించి ప్రపంచం అంత మాట్లాడుతుంటే, మన గింజ మీద ఆ దిశలో కనీసం ఆలోచన లేకపోవడం మాత్రం వెలితి.

శక్కర్‌నగర్ మడ్డి

గింజ సంగతి అటుంచితే, ఈ నేలలో మత్తుకు అసలు మూలం చెరకు. మంజీరపై అచ్చంపేట దగ్గర నిజాంసాగర్ కట్టడం 1931కి పూర్తయింది. కాలువ నీళ్లొచ్చాయి, చెరకొచ్చింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది. ఆసియాలోనే పెద్దదని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవారు. ఎడ్లబండ్ల వరుస, సైరన్ మోత, ఊరంతా కమ్ముకునే పాకం వాసన ఈ తరం పిల్లలకు తాతలు చెప్పే కథలు. 2002లో సర్కారు 51 శాతం వాటాను ప్రైవేటుకిచ్చింది. 2015 డిసెంబరులో మూతపడింది. తెరిపించే దారి వెతకడానికి 2024 జనవరిలో మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీ కూడా వేశారు.

చక్కెర తీశాక చివరికి మిగిలే నల్లటి జిగురు ద్రవం మడ్డి, అంటే మొలాసిస్. ఇంకా స్ఫటికం కట్టని చక్కెర అందులో సగం దాకా ఉంటుంది. దాన్ని పులియబెట్టి బట్టీ పడితే స్పిరిట్. మన దేశంలో విస్కీ, బ్రాందీ, రమ్ము అని రకరకాల లేబుళ్లతో అమ్మే చౌక మద్యానికి చాలాకాలంగా అదే పునాది. స్పిరిట్ ఒకటే, రంగు, వాసన వేరు. గింజతో చేయనిది విస్కీ కాదని యూరప్ చట్టం, అందుకే మడ్డి విస్కీని ఆ పేరుతో అక్కడ అమ్మనివ్వరు. ఇటీవల నూకలు, మొక్కజొన్నతో చేసే స్పిరిట్ కూడా పెరిగింది. సాలూర దాటి మహారాష్ట్ర వైపు నుంచి దొంగచాటుగా దిగే దేశీదారుదీ చెరకు వంశమే. కామారెడ్డి చుట్టుపక్కల బెల్లం గానుగలు ఆడిన రోజుల్లో నల్లబెల్లం, పటిక నీళ్లలో ఊరి పానకమై, ఆ పానకం గుడుంబా అయ్యేది. 2015 తర్వాత దాడులు, కేసులు, బెల్లం రవాణా మీద కట్టడి దాన్ని బాగా తగ్గించాయి. ఇంకా అక్కడక్కడ 'బెల్లం పానకం ధ్వంసం' అనే వార్త జిల్లా పేజీలో కనపడుతూనే ఉంది.

> టన్ను చెరకు నుంచి
> రికవరీ బాగుంటే సుమారు 100 కిలోల చక్కెర. 280 నుంచి 300 కిలోల పిప్పి. 40 నుంచి 45 కిలోల మడ్డి. ఆ మడ్డిని పులియబెడితే 10 లీటర్ల దాకా ఆల్కహాలు.

చెట్టే కాచే బీరు

మాల్ట్ అక్కర్లేదు, హాప్స్ అక్కర్లేదు, పొయ్యి అక్కర్లేదు. ఈతచెట్టు మొవ్వు కింద కాండానికి గీత పెడితే కారే నీరా పది శాతం పైన చక్కెరతో తియ్యగా ఉంటుంది. లొట్టిలో పడీ పడగానే దాన్ని అంటిపెట్టుకున్న ఈస్టు, బాక్టీరియా పని మొదలుపెడతాయి. తెల్లవారి దించేసరికి తీపి, మధ్యాహ్నానికి పులుపు, సాయంత్రానికి 4, 5 శాతం ఆల్కహాలు. మర్నాటికి సిర్కా అయిపోతుంది. 15 డిగ్రీల గది కోసం స్కాట్లాండువాడు పడే పాట్లు గీత కార్మికుడికి లేవు. మన ఎండే దాని పొయ్యి.

చలికాలం ఈత, వేసవి తాటి. మోకు నడుముకు బిగించి చెట్టెక్కే గౌడన్న ఏ చెట్టు కల్లు తియ్యన, ఏది వగరు అని కళ్లు మూసుకుని చెప్పగలడు. చెట్టు కింద తాగినవాడికీ అది ఏ చెట్టుదో తెలుసు. ఆ కల్లుకు ఏ లేబులూ అక్కర్లేదు.

గొడవ చెట్టు కింద కాదు, పట్నం దుకాణంలో. చెట్టు రోజుకిచ్చేది కొన్ని లీటర్లు. కాలువలు, బోర్లు వచ్చి ఈతవనాలు వరిపొలాలయ్యాయి. నిజామాబాద్‌లో కల్లు తాగే జనం మాత్రం ఏడాది పొడుగునా తాగుతారు. కడుపు మాడ్చుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు, హమాలీలు, మేస్త్రీ పనివాళ్లు. పొద్దంతా చాట ముందు కూర్చుని నడుం పట్టేసిన బీడీ కార్మికురాలికి కావలసింది రుచి కాదు, నిద్ర. చెట్లు సరిపోవు, గిరాకీ ఆగదు. ఆ సందులోంచే మందుకల్లు వచ్చింది.

కల్లు దుకాణం నడిపే ముస్తేదారు చేసే పని దాపరికం లేకుండా చెప్పుకుందాం. కాస్త కల్లు, చాలా నీళ్లు. తీపికి శాకరిన్. కిక్కు కోసం ఒకప్పుడు సీహెచ్ అని అందరూ పిలిచే క్లోరల్ హైడ్రేట్, తర్వాత డైజోఫామ్, ఇప్పుడు అల్ప్రాజోలం. చివరి రెండూ డాక్టరు చీటీ మీద అమ్మాల్సిన నిద్ర, ఆందోళన మందులు. అదంతా కడిగిన పాత బీరు సీసాల్లో నింపి పెట్టెలకెత్తుతారు. తాగేవాడు బీరు తాగడు, కల్లూ తాగడు. మిల్లీగ్రాముల లెక్క లేని మాత్రల నీళ్లు తాగుతాడు.

మందుకల్లు అసలు ప్రమాదం మొదటి సీసాలో లేదు, ఆగిన రోజున ఉంది. 2015లో కల్తీ మీద సర్కారు గట్టిగా దాడులు చేసి దుకాణాలు మూయించింది. రెండు మూడు రోజులకు నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లో ఆస్పత్రులు నిండిపోయాయి. చేతులు వణకడం, చెమటలు, నిద్ర లేకపోవడం, లేనివాళ్లు కనపడటం, ఫిట్లు. కొందరిని హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు తరలించారు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని, దయ్యం పట్టిందని అనుకున్నారు. ఏళ్ల తరబడి కల్లు తాగుతున్నామనుకున్న మనుషులు తాము మాత్రలకు అలవాటు పడ్డామని తెలుసుకున్నది మంచం మీద పడ్డాకే.

పదేళ్లు గడిచాయి. 2025 ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలాల పల్లెల్లో కల్లు తాగినవాళ్లు పదుల సంఖ్యలో పడిపోయి బాన్సువాడ ఆస్పత్రికి చేరారు. బోధన్‌కు అది ఎంతో దూరం కాదు. జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీకల్లు ప్రాణాలే తీసింది. ప్రతిసారీ శాంపిళ్లు ల్యాబుకు వెళ్తాయి, దుకాణం సీలవుతుంది, కొన్నాళ్లకు మళ్లీ తెరుచుకుంటుంది. ల్యాబు ఏం తేల్చిందో ఆ దుకాణంలో తాగినవాళ్లకు ఎవరూ చెప్పరు.

గల్ఫులో దొంగచాటు సీసా

ఈ జిల్లాలో గల్ఫు వెళ్లినవాళ్లు లేని వాడ అరుదు. సౌదీ, కువైట్‌లలో మద్యం నిషేధం. అక్కడ మనవాళ్లకు దొరికేది దొంగచాటు సరుకే. 2025 ఆగస్టులో కువైట్‌లో మిథనాల్ కలిసిన మద్యం 20 మందికి పైగా ప్రాణం తీసింది. తాగి బతికినవాళ్లలో చూపు పోయినవాళ్లున్నారు. గింజను పులియబెట్టి చేసిన బీరులో ప్రమాదకరమైనంత మిథనాల్ పుట్టదు. అది వచ్చేది పరిశ్రమల్లో వాడే స్పిరిట్‌ను తాగేదాంట్లో కలిపినప్పుడు, సరిగా వేరుచేయని బట్టీల్లోంచి కూడా. బీరు కాయడం, సారా తీయడం రెండూ ఒకటే అనుకునేవాళ్లు ఈ తేడా గమనించాలి.

చట్టం ఏమంటుంది?

తెలంగాణలో అమల్లో ఉన్నది 1968 నాటి ఎక్సైజ్ చట్టం. లైసెన్సు లేకుండా మత్తు పానీయం చేయడం నేరం. సారాకూ ఏల్‌కూ, అమ్మకానికీ ఇంటి అవసరానికీ ఇందులో తేడా లేదు. కాబట్టి పైన చెప్పిన ఏల్ సంగతి చదువుకోవడానికే. బ్రిటన్ 1963లో ఇంటి బీరుకు లైసెన్సు ఎత్తేసింది. అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం ఒక్కో పెద్దమనిషికి ఏటా 100 గ్యాలన్లు, ఇంటికి 200 దాకా అనుమతించింది. సారా బట్టీకి మాత్రం అక్కడా ఒప్పుకోలేదు. మనకు పక్కనే ఛత్తీస్‌గఢ్‌లో గిరిజనులు సొంతానికి 5 లీటర్ల ఇప్పసారా ఉంచుకోవచ్చు.

నిజామాబాద్ ఇళ్లలో బీరు కాచుకోనివ్వమని నేను అడగను. ఇక్కడ ఆ కోరిక ఉన్నవాళ్లు వేళ్ల మీద లెక్క. అడగాల్సింది దానికన్నా చిన్నది. బీరు సీసా మీద ఆల్కహాలు శాతం ఉంటుంది, హెచ్చరిక ఉంటుంది. కల్లు సీసా మీద ఏముంది? ఏ గీత కార్మికుల సొసైటీ చెట్లు, ఎన్ని చెట్లు, ఆ నెల తీసిన శాంపిల్ ఫలితం ఏమిటి, ఈ మూడూ దుకాణం గోడ మీద తెలుగులో రాయించడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, రంగు డబ్బా చాలు. 2024 జులైలో సర్కారు గీత కార్మికులకు చెట్టు మీంచి పడకుండా 'కాటమయ్య రక్షణ కవచం' కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పని. చెట్టెక్కేవాడి నడుముకు తాడు దొరికింది. కింద సీసా పట్టుకున్నవాడి గురించి ఎక్సైజ్ వాళ్లు, సొసైటీలు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలి. సొసైటీలకూ అది లాభమే. నిఖార్సయిన ఈతకల్లు దించేవాడు మందుకల్లు ధరతో పోటీపడలేక చెట్టు దిగిపోతున్నాడు.

> ఇంట్లోవాళ్లు తెలుసుకోవాల్సినవి
> రోజూ మందుకల్లు తాగే మనిషి చేత ఒక్కసారిగా మాన్పించకండి. ఫిట్లు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్లు మందు మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పిస్తారు.
> వణుకు, పొంతన లేని మాటలు, ఎవరో కనపడుతున్నారనడం మొదలైతే భూతవైద్యుడి దగ్గరికి కాదు, ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఎన్నాళ్లుగా, రోజుకు ఎన్ని సీసాలు, ఆఖరిసారి ఎప్పుడు తాగారో డాక్టరుకు చెప్పండి. సిగ్గుపడి దాస్తే చికిత్స తప్పుదారి పడుతుంది.
> మాట్లాడటానికి ఎవరూ లేకపోతే టెలీ మానస్ నంబరు 14416, మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446. రెండూ ఉచితం.